నీరసం, కళ్ళు తిరగడం తగ్గాలంటే: డబ్బా నిండితే చాలదు, బస్తా కూడా నిండాలి

గుంటూరులో బస్సెక్కితే విజయవాడ వచ్చేదాకా కూర్చునే ఉంటాను కాబట్టి దారిలో ఏమీ తెలిసేది కాదు. పండిట్ నెహ్రూ బస్టాండులో బస్సు ఆగి, అందరితో పాటు నేనూ లేచి నిలబడగానే కళ్ళ ముందు నల్లగా కమ్మేసేది, చెవుల్లో హోరు, ముందు సీటు రాడ్డు పట్టుకుని నాలుగైదు క్షణాలు అలాగే ఉండిపోయేదాన్ని. వెనకాల వాళ్ళు "కదలమ్మా, దిగాలి" అనేవాళ్ళు. ఏడాదిన్నర ఇలాగే గడిచింది. ఎండలని కొన్నాళ్ళు, నిద్ర చాలట్లేదని కొన్నాళ్ళు, నలభై దాటాయి కదా అని కొన్నాళ్ళు సర్దిచెప్పుకున్నాను. తీరా రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.4, ఆడవాళ్ళకి కనీసం 12 ఉండాలి.

నా ఒక్కదాని కథే అయితే రాసేదాన్ని కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే మన ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళుంటే ఒకరికి ఉండొచ్చన్నమాట. దీనికి మందైన ఐరన్ మాత్రలు దొరక్క కాదు, అవి ఎంత చవకో మీకూ తెలుసు. ఎలా వేసుకోవాలో, ఎప్పటిదాకా వేసుకోవాలో కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు లేక నాకు దాదాపు మూడేళ్ళు పట్టింది. మీకు అంత పట్టకూడదని ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, రెండు ఊళ్ళలోనూ డాక్టర్ల చుట్టూ తిరిగి, అడిగి, తప్పులు చేసి నేర్చుకున్నదాన్ని. మోతాదులు మాత్రం మీ రిపోర్టు చూసిన డాక్టరే చెప్పాలి.

ముందు, మీకు తిరుగుతున్నది ఎలా తిరుగుతోంది?

"కళ్ళు తిరుగుతున్నాయండి" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటే డాక్టరుకి ఏమీ తెలియదు. పడుకుని పక్కకి దొర్లినప్పుడో, తలెత్తి అటక మీద డబ్బా తీసినప్పుడో గది గదంతా గిర్రున తిరిగి అర నిమిషంలో ఆగిపోతుంటే అది చాలావరకు లోపలి చెవికి సంబంధించిన తేడా. దానికి ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా ఉపయోగం లేదు, ఈఎన్‌టీ డాక్టరు తలని ఒక పద్ధతిలో తిప్పించి సరిచేస్తారు. రక్తం తక్కువైతే వచ్చేది అలా ఉండదు. లేచి నిలబడినప్పుడు బైర్లు కమ్ముతాయి, మెట్లెక్కితే ఆయాసం, గుండె దడదడలాడుతుంది, వేడినీళ్ళు పోసుకుని బయటికి రాగానే గోడ పట్టుకోవాల్సి వస్తుంది. ఒకప్పుడు దుర్గమ్మ కొండ మెట్లు మాట్లాడుకుంటూ ఎక్కేసినవాళ్ళు మధ్యలో మూడుసార్లు కూర్చుంటున్నారంటే ఆ తేడాని నెలల లెక్కన డాక్టరుకి చెప్పండి, అది చాలా పనికొచ్చే సమాచారం.

ఇంట్లో బీపీ మిషను ఉంటే ఇంకో పని చేయొచ్చు. అయిదు నిమిషాలు పడుకుని బీపీ చూసుకోండి, లేచి నిలబడి ఒక నిమిషానికి, మళ్ళీ మూడు నిమిషాలకి చూసుకోండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతుంటే కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. బీపీ మాత్రల మోతాదు ఎక్కువైనా, పెద్దవయసు మగవాళ్ళు ప్రోస్టేట్‌కి వాడే కొన్ని మాత్రల వల్లా, ఒంట్లో నీళ్ళు తగ్గినా ఇలా పడుతుంది. మే నెలలో విజయవాడలో రోజంతా తిరిగినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇంకొన్ని గుర్తులు మనం జబ్బని అనుకోం. రాత్రి పడుకుంటే కాళ్ళు లాగి నిద్ర పట్టకపోవడం, దువ్వెన నిండా జుట్టు, పెదాల మూలలు పగలడం, గోళ్ళు మధ్యలో గుంటపడి చెంచాలా అవడం. నాకైతే పచ్చి బియ్యం. ఎసట్లో పోయడానికి బియ్యం కడుగుతూ ఒక గుప్పెడు నోట్లో వేసుకునేదాన్ని, ఆ పిండి రుచి, పళ్ళ కింద ఆ చప్పుడు ఎంత బాగుండేదో, ఆఫీసులో కూడా గుర్తొచ్చేది. చిన్నప్పుడు బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందని నానమ్మ కసిరేది, అంతే తప్ప అది ఐరన్ లేని లక్షణమని ఇంట్లో ఎవరికీ తెలియదు. మీ ఇంట్లో ఆడపిల్ల బియ్యం, బలపాలు, మట్టి తింటుంటే, ఐసు ముక్కలు కరకరా నములుతుంటే తిట్టకండి, రక్తపరీక్ష చేయించండి. ఐరన్ నిండాక నాకు ఆ కోరిక దానంతట అదే పోయింది.

ఏ పరీక్షలు, అందులో ఏం చూడాలి

గుంటూరు కొత్తపేటలో గానీ, విజయవాడ సూర్యారావుపేటలో గానీ సందుకి రెండు ల్యాబులుంటాయి, ప్యాకేజీలు కూడా బోలెడు ఉంటాయి. అరవై, డెబ్భై పరీక్షల ప్యాకేజీ అక్కర్లేదు. నీరసానికి, ఈ రకం కళ్ళు తిరగడానికి మొదట కావాల్సినవి సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ బి12, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, షుగరు. వీటితో పాటు డాక్టరు అవసరమనుకుంటే కిడ్నీల పనితీరుకి క్రియాటినిన్, విటమిన్ డి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో, పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో హిమోగ్లోబిన్ ఉచితంగా చూస్తారు, డబ్బులు లేవని అసలు మానేయొద్దు.

హిమోగ్లోబిన్ ఆడవాళ్ళకి 12, మగవాళ్ళకి 13, గర్భిణులకి 11 కంటే తగ్గితే రక్తహీనత అంటారు. ఇది చాలామందికి తెలుసు. తెలియంది ఫెర్రిటిన్ సంగతి. నాకు అర్థమైన పద్ధతిలో చెబుతాను. హిమోగ్లోబిన్ వంటింట్లో డబ్బాలో ఉన్న బియ్యం, ఫెర్రిటిన్ లోపలి గదిలో ఉన్న బస్తా. ఇంటికి బియ్యం రావడం తగ్గితే ముందు బస్తా ఖాళీ అవుతుంది, డబ్బా మాత్రం నిండుగానే కనిపిస్తుంది. బస్తా అడుగంటాక అప్పుడు డబ్బా తగ్గడం మొదలవుతుంది. అందుకే హిమోగ్లోబిన్ 12.3 ఉన్నా ఫెర్రిటిన్ 9 ఉన్న మనిషికి నీరసం ఉండొచ్చు, జుట్టు రాలొచ్చు, "నీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అనిపించుకుని ఇంటికి రావచ్చు. ఫెర్రిటిన్ 15 కంటే తక్కువైతే నిల్వ లేనట్టే, 30 లోపల ఉంటే కూడా చాలామంది డాక్టర్లు మందు మొదలుపెడతారు. ఒక జాగ్రత్త ఏమిటంటే జ్వరం, ఇన్ఫెక్షన్, కీళ్ళవాపు లాంటివి ఉన్నప్పుడు ఫెర్రిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి జ్వరం తగ్గిన కొన్ని వారాల తర్వాత చేయించుకోవడం మంచిది.

సీబీపీ కాగితంలోనే ఎంసీవీ అని ఒక అంకె ఉంటుంది, ఎర్రకణం సైజు అది. 80 కంటే తగ్గితే ఐరన్ వైపు చూస్తారు (తలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బు జన్యువు ఉన్నవాళ్ళకి కూడా తగ్గుతుంది, అందుకే ఎన్నాళ్ళు ఐరన్ వాడినా ఆ అంకె కదలకపోతే ఆ పరీక్ష గురించి అడగాలి), 100 దాటితే బి12, ఫోలిక్ యాసిడ్ వైపు చూస్తారు. రెండూ తక్కువైన మనిషికి ఒకటి పైకి లాగి, ఇంకొకటి కిందికి లాగి అంకె మధ్యలో మామూలుగా కనిపిస్తుంది. మన దగ్గర ఈ రెండూ కలిసి ఉండేవాళ్ళు తక్కువేం కాదు. ఇంకో మాట, బి12 సూది వేయించుకున్నాక బి12 పరీక్ష చేయించుకుంటే ఆ అంకెకి అర్థం ఉండదు. ముందు పరీక్ష, తర్వాతే సూది.

ఇక్కడే సెలైన్ గురించి కూడా చెప్పాలి. నీరసంగా ఉందంటే వీధి చివర డాక్టరు దగ్గరికి వెళ్ళి "బలానికి ఒక బాటిల్ పెట్టించుకో" అనడం మన వైపు బాగా అలవాటు. అయిదు శాతం గ్లూకోజు బాటిల్ అర లీటరులో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు, అంటే అయిదారు చెంచాల పంచదార పాటి. అందులో పసుపుపచ్చగా కనిపించడానికి కలిపేది మామూలు బి కాంప్లెక్సు. వాంతులూ విరేచనాలూ అయి నీళ్ళు పోయినవాళ్ళకి సెలైన్ ప్రాణం నిలబెడుతుంది, కానీ ఐరన్ లేని మనిషికి ఆ రోజు సాయంత్రం వరకు కాస్త తేలిగ్గా అనిపించడం తప్ప ఒరిగేది లేదు. నేను నాలుగుసార్లు పెట్టించుకున్నాను. ఆ డబ్బులతో ఫెర్రిటిన్ పరీక్ష ఎప్పుడో అయ్యేది.

మాత్ర వేసుకునే పద్ధతి

అన్నిటికంటే నేను ఎక్కువ చెప్పాలనుకున్నది ఇదే.

నాకు మొదట ఐరన్ మాత్రలు రాసిచ్చినచోట "రోజుకొకటి, మూడు నెలలు" అన్నారు, అంతే. పొద్దున్నే అయిదున్నరకి లేచి, పాలు కాచి, స్టీలు గ్లాసులో కాఫీ కలుపుకుని, ఆ గ్లాసు పక్కనే స్ట్రిప్ పెట్టుకుని, మాత్ర నోట్లో వేసుకుని కాఫీతో మింగేదాన్ని. మర్చిపోకుండా ఉండటానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది అనుకున్నాను. అయిదు నెలలు ఒక్కరోజు కూడా మానలేదు. 8.4 కాస్తా 9.1 అయింది. ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళితే రిపోర్టు చూడకముందే "ఎన్నింటికి వేసుకుంటున్నావు, దేనితో?" అని అడిగింది. కాఫీతో అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసి నా మొహం చూసింది. అప్పటి నుంచి మాత్ర రాత్రికి మార్చాను, మంచినీళ్ళతో. నెల తిరిగేసరికి 10.4. మాత్ర అదే, కంపెనీ కూడా అదే.

కాఫీ, టీలలో ఉండేవి ఐరన్‌ని పట్టుకుని ఒంటికి అందకుండా చేస్తాయి, కాఫీ కంటే టీ ఇంకా ఎక్కువ. పాలు, పెరుగు, క్యాల్షియం మాత్రలు కూడా అడ్డమే. కాబట్టి మాత్రకి ముందు గంట, తర్వాత రెండు గంటలు వీటిని దూరంగా పెట్టండి. క్యాల్షియం మాత్ర మధ్యాహ్నం అన్నం తిన్నాక, ఐరన్ మాత్ర రాత్రికి అని విడగొట్టుకుంటే గొడవ ఉండదు. పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు మన ఇళ్ళలో చాలామంది ఉన్నారు, ఆ మాత్రకి, ఐరన్‌కి నాలుగు గంటలు తేడా ఉండాలి, లేకపోతే థైరాయిడ్ మాత్ర కూడా వంటబట్టదు. గ్యాసు మాత్రలు ఏళ్ళ తరబడి వాడుతుంటే ఐరన్, బి12 రెండూ సరిగ్గా ఎక్కవు. అవి నిజంగా ఇంకా అవసరమా అని డాక్టర్ని అడగండి, మీకు మీరే మానేయొద్దు.

పరగడుపున వేసుకుంటే బాగా ఎక్కుతుంది, కానీ కొంతమందికి కడుపులో మంట, వికారం. అలాంటివాళ్ళు కాస్త తిన్నాక వేసుకోవచ్చు. ఎంతో కొంత ఎక్కడం, అసలు మానేయడం కంటే మేలు కదా. మాత్ర వేసుకోగానే లివరు హెప్సిడిన్ అనే హార్మోను పెంచుతుంది, అది దాదాపు ఒక రోజు పాటు పేగుల్లో ఐరన్ వెళ్ళే దారిని సగం మూసేస్తుంది. అందుకే తొందరగా తగ్గాలని పూటకొకటి మింగితే లాభం లేదు, మలబద్ధకం మాత్రం గ్యారంటీ. ఈమధ్య చాలామంది డాక్టర్లు రోజు విడిచి రోజు ఇస్తున్నారు, దానివల్ల కడుపు ఇబ్బంది కూడా తగ్గుతుంది. మీకు రోజూ మాత్ర పడకపోతే మానేసే ముందు ఈ మాట అడిగి చూడండి. గర్భిణులు మాత్రం సొంతంగా ఇలాంటి మార్పులు చేయొద్దు, వాళ్ళకి చెప్పినట్టు రోజూ వేసుకోవాలి.

మలం నల్లగా వస్తే భయపడకండి, ఐరన్ వల్ల అలాగే వస్తుంది. తారులా జిగటగా, భరించలేని వాసనతో వస్తే మాత్రం అది వేరే సంగతి, కడుపులో రక్తం పోతూ ఉండొచ్చు.

స్ట్రిప్ వెనక "ఎలిమెంటల్ ఐరన్", అంటే మాత్రలో నిజంగా ఉన్న ఐరన్, ఎంతని రాసి ఉంటుందో చూడండి, అసలు లెక్క అదే. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎమ్‌లు పెద్దవాళ్ళకి ఇచ్చే సర్కారు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఉచితంగా ఇచ్చారు కదా అని పక్కన పడేస్తుంటారు, చాలా తప్పు, మంచి మందు అది. పిల్లలున్న ఇంట్లో ఈ మాత్రలు ఫ్రిజ్ మీదో, టీవీ పక్కనో వదలకండి. ఎర్రగా మెరుస్తుంటే చాక్లెట్ అనుకుని నాలుగైదు మింగారంటే చిన్న పిల్లలకి ప్రాణం మీదికి వస్తుంది. బీరువాలో పెట్టి తాళం వేయండి.

ఇప్పుడు నా రెండో తప్పు. పద్ధతి మార్చాక అయిదో నెలకి హిమోగ్లోబిన్ 12.2 వచ్చింది. బస్సు దిగుతుంటే బైర్లు కమ్మడం లేదు, మెట్లెక్కితే ఆయాసం లేదు, ఇంట్లో అందరం సంతోషపడ్డాం, నేను మాత్రలు ఆపేశాను. ఏడు నెలలకి మళ్ళీ మొదటికి వచ్చింది, ఈసారి మా వీధిలో కూరగాయల బండి దగ్గర కూర్చుండిపోయాను. బియ్యం లెక్కలోనే చెప్పాలంటే, ఇంటికి కొత్తగా బియ్యం వస్తున్నప్పుడు ముందు డబ్బా నిండుతుంది, బస్తా ఆ తర్వాతే. డబ్బా నిండగానే నేను బియ్యం తేవడం మానేశానన్నమాట. హిమోగ్లోబిన్ మామూలుకి వచ్చాక కూడా కనీసం మూడు నెలలు మాత్ర వాడాలి. ఆపే ముందు ఫెర్రిటిన్ చూసుకోవాలి. నా ఫెర్రిటిన్ ఆరోజు చూసి ఉంటే పదీ పదకొండు ఉండేదేమో, ఎవరూ రాయలేదు, నాకూ తెలియదు.

అసలు ఎటు పోతోంది?

మాత్ర ఎంత బాగా వేసుకున్నా కారుతున్న చోటు చూడకపోతే మళ్ళీ అదే. నాకు అది నెలసరి. రెండు గంటలకి ఒక ప్యాడ్ తడిసిపోవడం, గడ్డలు పడటం, ఏడు రోజులు దాటడం, రాత్రి దుప్పటి మీద పాత చీర పరుచుకుని పడుకోవడం, ఇవన్నీ మా అమ్మకీ అలాగే ఉండేవి కాబట్టి మామూలే అనుకున్నాను. స్కానింగులో గర్భసంచిలో ఫైబ్రాయిడ్ (క్యాన్సర్ కాని కండగడ్డ) కనపడింది. దానికి వైద్యం మొదలయ్యాకే నా అంకెలు నిలబడ్డాయి. ఈ మాట డాక్టరు దగ్గర చెప్పడానికి సిగ్గుపడి, "నీరసంగా ఉందండి" అని మాత్రమే చెప్పి వచ్చే ఆడవాళ్ళని వెయిటింగ్ హాల్లో ఎంతమందిని చూశానో. చెప్పండి. ఎన్ని ప్యాడ్లో అంకె చెప్పండి.

మగవాళ్ళకి, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకి ఐరన్ తగ్గిందంటే మాత్రలు ఇచ్చి సరిపెట్టడం అస్సలు కుదరదు. కడుపులో పుండు, మొలలు, పేగుల్లో గడ్డ, ఒళ్ళునొప్పులకి ఏళ్ళ తరబడి మింగిన పెయిన్‌కిల్లర్లు, చాలావరకు ఏదో ఒక చోట రక్తం పోతూ ఉంటుంది. కడుపులోకి, పేగుల్లోకి కెమెరా పంపి చూసే ఎండోస్కోపీ, కొలనోస్కోపీ చేయించమంటే డబ్బు గుంజడానికి అనుకోకుండా చేయించాలి. చెప్పుల్లేకుండా పొలాల్లో తిరిగేవాళ్ళకి పేగుల్లో చేరి రక్తం పీల్చే కొంకిపురుగులు కూడా ఒక కారణం. పిల్లలకి ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్వాడీల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర అందుకే, ఆరోజు పిల్లల్ని బడి మాన్పించకండి.

మాత్రలు పడనివాళ్ళకి, ఎక్కనివాళ్ళకి రక్తనాళం ద్వారా ఐరన్ ఎక్కిస్తారు. ఆసుపత్రిలో, రియాక్షన్ వస్తే చూసుకునే ఏర్పాటు ఉన్నచోటే ఎక్కించుకోవాలి, ఇంటికి పిలిపించుకుని కాదు.

అమ్మ అరికాళ్ళు

మా అమ్మ గుంటూరు మనిషి. పచ్చళ్ళలో కారం చాలలేదని మళ్ళీ కలిపేది. అలాంటిది ఒకరోజు ముద్దపప్పులో గోంగూర పచ్చడి కలుపుకుని ఒక్క ముద్ద తిని, నాలుక మండిపోతోందని కంచం పక్కకి జరిపింది. నాలుక చూస్తే ఎర్రగా, నున్నగా, గరుకు లేకుండా ఉంది. అప్పటికే రాత్రిళ్ళు అరికాళ్ళు మంటలని తడిగుడ్డ వేసుకుని పడుకునేది. షుగరు పన్నెండేళ్ళుగా ఉంది కదా, షుగరు మంటలే అనుకున్నాం. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. బి12 చూస్తే 148. 200 కంటే తగ్గితే లోపం అంటారు.

షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్ ఎక్కువ కాలం వాడితే బి12 తగ్గుతుంది. మంచి మందు, మానక్కర్లేదు, కానీ వాడేవాళ్ళు ఏడాదికోసారి బి12 చూసుకోవాలి. పూర్తి శాకాహారులకి, గ్యాసు మాత్రలు వాడేవాళ్ళకి, కడుపు ఆపరేషన్లు అయినవాళ్ళకి, పెద్దవయసు వాళ్ళకి కూడా. కార్తీకమాసం నెల రోజులు నీచు మానేస్తే ఏమీ కాదు, లివరులో ఏళ్ళకి సరిపడా నిల్వ ఉంటుంది. ఏళ్ళ తరబడి తక్కువైతేనే ఇలా బయటపడుతుంది.

అందులో ప్రమాదం ఏమిటంటే, బి12 తక్కువున్న మనిషికి ఒక్క ఫోలిక్ యాసిడ్ మాత్రమే ఇస్తే రక్తం రిపోర్టు బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. తిమ్మిర్లు, మంటలు, మతిమరుపు, నడకలో తూలడం ఉంటే ఆలస్యం చేయొద్దు, నరాలకి తగిలిన దెబ్బ ఎక్కువ కాలం ఉంటే పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. అమ్మకి మొదట్లో సూదులు, తర్వాత మాత్రలు ఇచ్చారు. నాలుక రెండు వారాల్లో బాగుపడింది, అరికాళ్ళ మంటలు తగ్గడానికి నెలలు పట్టింది.

విటమిన్ డి గురించి కొంచెం. 20 కంటే తక్కువైతే ఒళ్ళు నొప్పులు, తొడల్లో బలం లేకపోవడం ఉంటాయి, కళ్ళు తిరగడానికి నేరుగా అది కారణం కాదు. దానికిచ్చే 60,000 యూనిట్ల క్యాప్సూల్ వారానికి ఒకటి, రోజుకి ఒకటి కాదు. మాకు తెలిసిన ఒకాయన రోజూ మింగి వాంతులతో ఆసుపత్రి పాలయ్యాడు.

తిండి

బీట్‌రూట్, దానిమ్మ ఎర్రగా ఉంటాయి కాబట్టి రక్తం పడుతుందని అందరూ చెబుతారు. వంద గ్రాముల దానిమ్మ గింజల్లో ఒక మిల్లీగ్రాము ఐరన్ కూడా ఉండదు, బీట్‌రూట్ కూడా అంతే. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆడవాళ్ళకి రోజుకి 29 మిల్లీగ్రాములు కావాలి. పండు తినండి, మంచిదే, దాన్ని మందు అనుకోవద్దు. బాగా తగ్గిపోయాక తిండి ఒక్కదానితో నింపడం కుదరదు, మాత్ర కావాలి. నిండినదాన్ని నిలబెట్టేది తిండి.

నీచు తినేవాళ్ళకి మేక కార్జం, మాంసం, చేపలు, ఇందులో ఉండే ఐరన్ సులువుగా వంటబడుతుంది, బి12 కూడా వస్తుంది (గర్భిణులు కార్జం తినొద్దు, విటమిన్ ఎ మరీ ఎక్కువ). గుడ్డు బి12కి మంచిది. తిననివాళ్ళకి ఉలవచారు, సజ్జరొట్టె, తోటకూర, మునగాకు, నువ్వులు, శనగలు, పెసలు. ఆకుకూర, పప్పుల్లోని ఐరన్ ఒంటికి ఎక్కాలంటే పక్కన పులుపు ఉండాలి, విటమిన్ సి ఉన్న పులుపు. పప్పులో చివర నిమ్మకాయ పిండుకోండి, అన్నం తర్వాత జామకాయ ముక్క, ఉసిరికాయ. నానబెట్టినవి, మొలకలు, పులిసిన పిండి వంటలు మామూలు వాటికంటే మేలు. గోంగూర, చింతపండు పులుసు లాంటివి ఇనుప మూకుడులో వండితే కొంత ఐరన్ కూరలోకి దిగుతుంది, వండాక వెంటనే గిన్నెలోకి తీసేయండి, లేకపోతే కూర నల్లబడి కనరు వాసన వస్తుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మానేసి, గంట ఆగి తాగండి. ఇది ఒక్కటి మార్చుకున్నా తేడా ఉంటుంది.

శాకాహారులకి బి12 పాలు, పెరుగు, మజ్జిగల్లో దొరుకుతుంది. ఆకుకూరల్లో, మొలకల్లో లేదు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. మన ఇళ్ళలో ఆయనకి, పిల్లలకి, అత్తగారికి వడ్డించాక కూర గిన్నె అడుగున పులుసు మిగులుతుంది, ముక్కలు ఉండవు. అది అన్నంలో కలుపుకుని, పచ్చడేసుకుని, పెరుగన్నంతో ముగించి లేస్తాం. పాతికేళ్ళు అలా తింటే ఫెర్రిటిన్ ఎక్కడి నుంచి వస్తుంది? వడ్డించేటప్పుడే మీ కూర ఒక గిన్నెలో వేరుగా తీసి పక్కన పెట్టుకోండి. మొదట్లో నాకే ఏదోలా అనిపించింది, ఇప్పుడు మా అబ్బాయి గుర్తు చేస్తాడు.

బలం వచ్చేదాకా రోజు గడవాలి కదా

మాత్ర మొదలుపెట్టిన మర్నాడే ఓపిక రాదు, రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోపు పొద్దున లేవగానే దిగ్గున నిలబడకండి. మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, పాదాలు పైకీ కిందికీ పది సార్లు ఆడించి, అప్పుడు లేవండి. కళ్ళు కమ్ముతున్నాయి అనిపించిన క్షణంలోనే కూర్చోండి, క్యూలో ఉన్నా సరే, కింద నేల ఉన్నా సరే, ఎవరో చూస్తారని ఆగితే పడి తల పగులుతుంది. వీలైతే పడుకుని కాళ్ళు ఎత్తు మీద పెట్టుకోండి. స్నానం గోరువెచ్చని నీళ్ళతో, తలుపు గడియ వేయకుండా చేయండి. స్కూటీ మీద ఉండగా తేడాగా అనిపిస్తే ఇంటికి దగ్గరే కదా అనుకోవద్దు, ఆపి పక్కన కూర్చోండి. ఎండాకాలం ఉప్పేసిన పల్చటి మజ్జిగ సీసాలో పోసుకుని వెళ్ళండి, బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు ఉప్పు విషయం డాక్టర్ని అడగాలి. ఒంటిపూట ఉపవాసాలు ఈ నెలలకి వాయిదా వేయండి.

వంటింట్లో ఒక కుర్చీ వేసుకోండి. కూరలు తరగడం, చపాతీ ఒత్తడం కూర్చునే చేయొచ్చు. బట్టలు ఆరేయడానికి మేడ మీదికి బకెట్ మోసుకెళ్ళడం ఇంకొకరికి అప్పజెప్పండి. రిపోర్టు కాగితం ఇంట్లో అందరికీ చూపించి, మామూలుకి వచ్చేదాకా ఈ పనులు నావల్ల కాదని చెప్పండి. నా రిపోర్టు ఫ్రిజ్‌కి అతికించాను.

ఛాతీలో నొప్పి, కూర్చున్నా ఆయాసం, స్పృహ తప్పడం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి కాలు బలం లేకపోవడం, తారులాంటి మలం, ఆగని రక్తస్రావం, వీటిలో ఏది వచ్చినా మాత్రలు, మజ్జిగలు అని కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గిన రిపోర్టు చేతికొస్తే ఆరోజే డాక్టరుకి చూపించాలి, సోమవారం దాకా ఆగొద్దు.

చివరగా, గోడమీద క్యాలెండర్ దగ్గరికి వెళ్ళండి. మాత్ర మొదలుపెట్టిన తేదీ మీద గుండ్రం చుట్టండి. అక్కడి నుంచి నాలుగు వారాలకి "సీబీపీ" అని రాయండి, ఆరోజుకి హిమోగ్లోబిన్ కనీసం ఒకటి పెరిగి ఉండాలి, పెరగకపోతే వేసుకునే పద్ధతో, కారణమో, మందో ఎక్కడో తేడా ఉంది, అదే మందు ఇంకో మూడు నెలలు లాగకండి. హిమోగ్లోబిన్ మామూలైన రోజున ఇంకో గుండ్రం చుట్టి, దానికి మూడు నెలల తర్వాత "ఫెర్రిటిన్" అని రాయండి. మా వంటింటి గోడమీద వెంకట్రామా క్యాలెండర్‌లో మా ఇద్దరివీ రాసి ఉన్నాయి, నాది ఎర్ర పెన్నుతో, అమ్మది నీలం పెన్నుతో. పోయిన నెల నా ఫెర్రిటిన్ 54 వచ్చింది. అమ్మ బి12కి వచ్చే నెల పదహారో తారీఖున వెళ్ళాలి.